ఎడమకాలి వంతు

ఇరవై రెండేళ్లలో కళ్యాణి పేరు ఆ అంగట్లో మొట్టమొదటిసారి వినబడింది. అదీ తప్పు జరిగినందుకు.

బళేపేట సందులో గాజుల దుకాణానికీ తాళాల దుకాణానికీ నడుమ ఇరుక్కుని ఉన్న మృదంగాల అంగడి అది. ముందు గదిలో దేవరాజ్ కూర్చుంటాడు. వెనక గదిలో, గుడ్డ తెర చాటున, అతని భార్య కళ్యాణి కూర్చుంటుంది. మృదంగం కుడి మూత నడిమధ్యన నల్లగా గుండ్రంగా కనిపించే కరణి ఆమె చేతిపని. నల్లరాతి పొడిని అన్నంతో కలిపి మెత్తగా మెదిపి, బొటనవేలితో పలచగా పూసి, ఆరేదాకా నున్నటి గుండ్రాయితో రుద్దాలి. ఆరాక ఇంకో పూత. అలా నలభై, యాభై పూతలు. ఒక్క పూత మందమైతే నాదం మూగబోతుంది. ఆ రాతిపొడిలో ఒక్క పలుకు నలగకుండా మిగిలిందా, జీర వినిపిస్తుంది. మృదంగాలు తీసుకుపోవడానికి వచ్చిన విద్వాంసులు ముందు గదిలో కూర్చుని మూత మీద వేలు మీటి, "దేవరాజు హస్తవాసే వేరప్పా" అని మెచ్చుకునేవాళ్లు. దేవరాజ్ వినయంగా చేతులు జోడించేవాడు. ఎవరికి పేరొస్తేనేం, మా ఇంటికే కదా అని తెర వెనక కళ్యాణి నవ్వుకునేది.

ఆ సోమవారం మధ్యాహ్నం విద్వాన్ మునినారాయణప్ప వచ్చి, వారం కిందట పట్టుకుపోయిన మృదంగాన్ని మళ్లీ దేవరాజ్ ముందు పెట్టాడు. ఒక్కసారి మీటాడు. నాదం చివర సన్నగా జీర, పళ్లెం మీద ఇసుక జారినట్టు. తెర వెనక కళ్యాణి చెవి దాన్ని వెంటనే పట్టుకుంది.

"ఇది నీ చెయ్యేనా దేవరాజూ?"

"కాదు స్వామీ," అన్నాడు దేవరాజ్ తడుముకోకుండా. "ఈసారి మా ఇంటామె పెట్టింది, కళ్యాణి అని. దానికి షుగరొచ్చి కుడిచేతి బొటనవేలు మొద్దుబారి ఉండాది. తప్పయిపోయింది. శనివారానికి మళ్లా చేసిస్తా."

ఈసారి! కళ్యాణి చేతిలో రాయి ఆగిపోయింది. ఇది ఈసారైతే, ఇరవై రెండేళ్ల ఆ సార్లన్నీ ఎవరివి? సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా? సోకు పోయినందుకు ఆమె ఎన్నడూ బాధపడలేదు. మెప్పులన్నీ ఆయన పేరున పోయి, తప్పు మాత్రం చిరునామా వెతుక్కుంటూ తన పేరు మీదికి వచ్చిందే, అదీ ఆమెకు మండింది.

సాయంత్రం మేడ మీద ఇంట్లో వంట ముగించి దిగి వచ్చేసరికి ఆమె పీట, గుండ్రాయి గిరిధర్ ముందు ఉన్నాయి. గిరిధర్ తోలువార్లు బిగించే పనివాడు. మంచి బలం ఉన్నవాడు, ఓపిక మాత్రం లేనివాడు.

"నా రాయి వానికెందుకిచ్చినావు?" అంది కళ్యాణి.

"సుమ్మనే కోపం చేసుకోవద్దు. డిసెంబరు కచేరీలు వస్తాండాయి. లోపల పద్నాలుగు మృదంగాలుండాయి. నీ వేలికి పలుకు తగిలేదే తెలీదంటే నేనేం చేసేది?"

"వేలు బాగవుతాది. బరువు తగ్గించి షుగరు అదుపులో పెట్టుకుంటే స్వల్ప స్వల్పంగా తిరిగొస్తాదని డాక్టరమ్మ చెప్పలేదా? నడక చాలదు, మెల్లగా ఉరకమని చెప్పలేదా? అందుకే కదా రోజూ పొద్దున్నే పోయి పడతా లేస్తా ఉండేది!"

దేవరాజ్ నవ్వాడు. చెడ్డవాడు కాదు. రోజూ స్కూటరు మీద ఆమెను కబ్బన్ పార్కులో దించి, ఆమె అయ్యేదాకా టీ తాగుతూ కూర్చునేవాడు అతనే. "రెండు నెలలాయె కదే. రెండో కిలోమీటరు దాటిందే లేదు. డొక్క పట్టుకోని బెంచీ మీద కూలబడేది నేను చూస్తానే ఉండా. పరిగెత్తి పాలు తాగేదానికన్నా నిలబడి నీళ్లు తాగేది మేలు."

"నాకు పాలూ వద్దు, నీళ్లూ వద్దు. నా రాయి నాకు కావాల."

గిరిధర్ తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. పనివాడి ముందు మాట పడేసరికి దేవరాజ్‌కి రోషం వచ్చింది.

"సరే. ఆదివారం ఏదో పరుగుండాదన్నావు కదా, ఐదు కిలోమీటర్లు. ఎక్కడా నిలబడకుండా ఉరికి చూపించు. నీ రాయి నీ చేతికిస్తా. ఒక్క చోట నిలబడినావా, ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తగూడదు."

"గిరీ, విన్నావు కదా?"

"విన్నానక్కా," అన్నాడు గిరిధర్. ఇద్దరిలో ఎవరికి సాక్షో అతనికే తెలియలేదు.

మంగళవారం ఆరింటికి పార్కులో మంచు ఇంకా విడలేదు. కళ్యాణి చుడీదారు మీద దుపట్టాను నడుముకు బిగించి, చిక్కపేటలో గంటసేపు బేరమాడి కొన్న గులాబీ రంగు బూట్ల తాళ్లు కట్టుకుంది. ఆ రంగు ఆమెకు నచ్చి కాదు, ఆ సైజులో అదొక్కటే ఉంది. కొత్తగా పరుగు నేర్చుకునేవాళ్ల గుంపును నడిపించేది సహన. ఏదో కంపెనీలో పని, మడివాళలో పీజీలో ఉంటుంది. ఎవరు ఎంత మెల్లగా పరిగెత్తినా విసుక్కోని పిల్ల.

"ఆంటీ, మీకు స్టామినా ఉంది. మోటివేషన్ ఒకటే కావాలి," అంటూ కళ్యాణి చెవుల్లో తన ఇయర్‌ఫోన్లు పెట్టింది. "ఈ ప్లేలిస్ట్ వినండి, ఫుల్ జోష్. కాళ్లు వాటంతటవే పోతాయి."

నిజంగానే పోయాయి. డప్పులు మోగాయి, ఎవరో గొంతు చించుకుని పాడారు, కళ్యాణి కాళ్లకు రెక్కలొచ్చాయి. బ్యాంకులో రిటైరైన పెద్దాయనను దాటింది, పీజీ అమ్మాయిలిద్దరిని దాటింది. చల్లగాలి ముఖాన కొడుతుంటే ఆమెకు నవ్వొచ్చింది. నలభై మూడేళ్ల మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి, పార్కు నడిమధ్య పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ పరిగెత్తింది. అంత సంతోషం ఆమె ఎరగదు. రెండో పాట మొదటిదానికంటే హెచ్చు వేగం. పాటకేం, దానికి ఆయాసమా? మూడో పాట నడుమకు వచ్చేసరికి కుడి డొక్కలో సూది గుచ్చినట్టు పొడిచింది. ఇంకో వంద అడుగులు ఈడ్చింది. తర్వాత బెంచీ. దూరాన టీ గ్లాసుతో దేవరాజ్ ఇటు చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు.

"ఫస్ట్ కిలోమీటర్ ఆరు నిమిషాల్లో పోయారు ఆంటీ! అంత ఫాస్ట్ ఎవరు వెళ్లమన్నారు?"

"నీ పాటే," అంది కళ్యాణి ఊపిరి అందక.

పాట తీసేసి రెండోసారి బయల్దేరింది. ఇప్పుడు చెవుల నిండా తన ఊపిరే, కమ్మరి కొలిమి తిత్తిలాగా. అంత పెద్దగా రొప్పుతున్నానా అని భయమేసింది. ప్రతి చెట్టూ ఒక మైలు దూరంలో ఉన్నట్టనిపించింది. డొక్క పొడవకముందే మనసు కూలబడింది. పాట ఉంటే తరుముతుంది, లేకుంటే దారి తెగదు. ఇదెక్కడి గొడవ!

బెంచీ మీద కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. "సహనా, ఆ పాటల్లో పెద్ద దెబ్బ ఎప్పుడూ నా కుడికాలి మీదనే పడతాండాది. ఊపిరి వదిలేదీ అప్పుడే. నాలుగు కొట్టు, కుడి. ఇంకో నాలుగు కొట్టు, మళ్లా కుడే. పొడిచేదీ కుడి డొక్కనే."

సహన కళ్లు చికిలించి చూసింది. "అంత కౌంట్ చేస్తూ రన్ చేస్తారా ఆంటీ?"

"లెక్క పెట్టేది కాదమ్మా. చెవికి తెలిసిపోతాది."

బుధవారం పరుగు లేదు. ఉతికిన బట్టల బకెట్టు మోసుకుని కళ్యాణి మేడ మెట్లెక్కుతోంది. కింద ముందు గదిలో ఎవరో శిష్యుడు కొత్త మృదంగాన్ని పరీక్షించి చూస్తున్నాడు. ఖండనడక, ఐదు దెబ్బల లెక్క. తక తకిట, తక తకిట. ఆమెకు తెలియకుండానే అడుగులు దానికి కుదిరాయి. మొదటి "తక" కుడికాలి మీద పడింది. ఐదు మెట్లెక్కాక మళ్లీ వచ్చిన "తక" ఎడమకాలి మీద పడింది. పదో మెట్టు దాటాక మళ్లీ కుడి.

కళ్యాణి ఆగింది. బకెట్టుతో సహా కిందికి దిగి వచ్చి, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కింది. కుడి, ఎడమ, కుడి. ఐదు బేసి లెక్క కదా, దెబ్బ ఒక కాలికే అంటుకుని ఉండదు. ఈసారి కుడి మోస్తే మరుసటిసారి ఎడమ మోస్తుంది. ఇరవై రెండేళ్లుగా తెర వెనక వింటున్న నడక! దానికి తన కాళ్లతో పని ఉందని ఏనాడూ తోచలేదు. మూడోసారి దిగి వచ్చేసరికి మెట్ల కింద గిరిధర్ నిలబడి చూస్తున్నాడు.

"ఏమక్కా, ఏమైనా పారేసుకున్నావా?"

"లేదప్పా, దొరికింది," అంది కళ్యాణి.

గురువారం ఆమె ఇయర్‌ఫోన్లు వద్దంది. సన్నగా, నోట్లోనే, తక తకిట అనుకుంటూ బయల్దేరింది. "తకిట" మూడడుగులకు ఊపిరి పీల్చడం, "తక" రెండడుగులకు వదలడం. ఆ "తక" ఒకసారి కుడి మీద, ఒకసారి ఎడమ మీద. మొదట్లో కాళ్లు తడబడ్డాయి, ఎదురొచ్చిన కుక్క ఒకటి ఆమెను అనుమానంగా చూసింది. పీజీ అమ్మాయిలు నవ్వుతూ దాటిపోయారు. పోనీ అనుకుంది. ఈ పాట ఆమెను తరమడం లేదు. ఆయాసం వస్తే పాటే నెమ్మదిస్తుంది, తేరుకుంటే పాటే అందుకుంటుంది, నోరు తనదే కాబట్టి. రెండో కిలోమీటరు గుర్తు పక్కనుంచి వెళ్లిపోయింది. డొక్క పొడవలేదు. బెంచీ వచ్చింది, పోయింది. టీ అంగడి దగ్గర దేవరాజ్ గ్లాసు పెదవుల దాకా తెచ్చి అట్లాగే ఉండిపోయాడు. అది చూసినందుకైనా ఆమె ఇంకో చుట్టు తిరిగింది.

"మూడున్నర, ఆంటీ!" సహన ఎగిరి గంతేసింది. "ఏం సాంగ్ అది? నాకూ పంపండి."

"పంపేది కాదమ్మా, నోట్లో ఉండాది. పలుకు చూద్దాం, తక తకిట."

శనివారం ఉదయానికి గిరిధర్ మునినారాయణప్ప మృదంగానికి కరణి ముగించాడు. జీర లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. సాయంత్రం వార్లు బిగిస్తున్నాడు. మూత అంచున పదహారు కన్నాలుంటాయి. ఒక్కో కన్నం లోంచి తోలువారును దూర్చి, లాగి, తడి ఇంకాక ఇంకోసారి లాగాలి. రెండో లాగుడుకు తోలు కిర్రుమంటుంది. కళ్యాణి తెర వెనక బియ్యంలో రాళ్లేరుతూ ఆ కిర్రులు లెక్కపెట్టింది. పది వినబడ్డాయి. పదకొండోది వినబడలేదు. పన్నెండోది వినబడింది.

"గిరీ, ఆ పదకొండోది ఇంకొకసారి లాగప్పా."

గిరిధర్ దేవరాజ్ వైపు చూశాడు. దేవరాజ్ రసీదు పుస్తకంలోంచి తలెత్తకుండానే, "రేపు పందెం తేలేదాకా పనిమాట ఎత్తొద్దే," అన్నాడు. అంతలోనే మునినారాయణప్ప మనిషి వచ్చి మృదంగం పట్టుకుపోయాడు. కళ్యాణి బియ్యం చేట అందుకుని లోపలికి పోయింది.

ఆదివారం పార్కు తిరునాళ్లలా ఉంది. రెండు వేల మంది, రెండు వేల పచ్చ బనియన్లు. కళ్యాణి ఎద మీద నంబరు కాగితం పిన్నులతో గుచ్చుతూ సహన, "ఆంటీ, అందరూ మొదట్లో దూసుకుపోతారు. మీరు పోవద్దు," అంది. దేవరాజ్ ఫ్లాస్కులో చక్కెర లేని కాఫీ పట్టుకుని గమ్యం దగ్గర నిలబడ్డాడు. "నిలబడితే చెప్పేయ్, దాచొద్దు," అన్నాడు వేళాకోళంగా. "నేనెప్పుడు దాచినా?" అంది కళ్యాణి. దాచింది ఎవరో ఇద్దరికీ తెలుసు. అతను ఫ్లాస్కు మూత బిగించసాగాడు.

ఈల మోగింది. జనం నీళ్లు వదిలినట్టు ముందుకు పోయారు. కళ్యాణి తన ఐదు తాను చెప్పుకుంటూ వెనకే ఉంది. ఒకటో కిలోమీటరులో అందరూ ఆమెను దాటారు. రెండో కిలోమీటరులో ఆమె ఒక్కొక్కరిని దాటడం మొదలుపెట్టింది. వాళ్ల చెవుల్లో పాటలు మోగుతూనే ఉన్నాయి, వాళ్లు మోకాళ్లు పట్టుకుని నిలబడ్డారు పాపం. ఆమెకు జాలేసింది, గర్వమూ వేసింది. కుడి డొక్క, ఎడమ డొక్క రెండూ నిమ్మళంగా ఉన్నాయి. ఇలాగైతే ఐదేం, ఊరవతల అత్తిబెలె దాకా పోవచ్చు అనిపించింది.

మూడో కిలోమీటరు దగ్గర, వెదురుపొదల పక్కన, చిన్న వేదిక వేసి ఉంది. పరిగెత్తేవాళ్లకు హుషారు కోసం పాటకచేరీ అట. వయొలిన్ ఒకామె, మృదంగం ఒకాయన, ఇద్దరి పక్కన మనిషెత్తు స్పీకర్లు. ఇంకా రెండు వందల గజాల దూరం ఉండగానే కళ్యాణికి తెలిసిపోయింది, అది మునినారాయణప్ప మృదంగమని. శ్రుతి జారిందని కూడా తెలిసిపోయింది. మంచుకు తోలు సడలడం మామూలే. ఆయన పాటకూ పాటకూ నడుమ మూత అంచును రాయితో కొట్టి పెంచుకుంటున్నాడు. నాలుగు దెబ్బలు వాయించగానే మళ్లీ జారుతోంది. వయొలిన్ ఆమె నొసలు ముడిపడి ఉంది. పరిగెత్తేవాళ్లకు అదేం పట్టలేదు, ఈలలు వేస్తూ పోతున్నారు.

పదకొండో కన్నం, అనుకుంది కళ్యాణి.

వేదికను దాటింది. పదడుగులు పోయింది. నిలబడితే రాయి పోతుంది, ఇక జన్మలో ఆ మాట ఎత్తడానికి లేదు. ఇరవై అడుగులు. గిరిధర్ చేసిన పని, దేవరాజ్ పంపిన మృదంగం, నాకేం? ముప్పై అడుగులు. వెనకాల అది మళ్లీ జారింది. ఆమె నోట్లో "తకిట" తెగిపోయింది. ఆ మూత మీద ఎన్నిసార్లు పూత పెట్టిందో, ఎన్ని రాత్రులు దాన్ని ఒళ్లో పెట్టుకుని రుద్దిందో. మనుషులు మనుషులు ఏదో అనుకుంటారు, నడుమ మృదంగం ఏం పాపం చేసింది?

కళ్యాణి నిలబడింది. వెనక్కి తిరిగి వేదిక దగ్గరికి నడిచింది.

"స్వామీ, ఇట్లియ్యండి."

మునినారాయణప్ప అద్దాల మీంచి చూశాడు. "పరుగు అటుపక్కమ్మా."

"మీరు పైన ఎంత కొట్టినా అది నిలబడదు స్వామీ. కింద తోలువారు జారి ఉండాది. రెండు నిమిషాలు."

ఆయన ఇచ్చాడో ఆమె లాక్కుందో చెప్పడం కష్టం. కళ్యాణి వేదిక అంచున కూర్చుని మృదంగాన్ని రెండు గులాబీ బూట్ల నడుమ ఇరికించి పట్టింది. దుపట్టా కొస చేతికి చుట్టుకుని, పదకొండో కన్నం దగ్గరి వారును పట్టి, వెనక్కి వాలి లాగింది. తోలు కిర్రుమంది. ఆ కిర్రు కోసమే నిన్నటి నుంచీ ఆమె చెవి ఎదురుచూస్తోంది. ఇప్పుడది మళ్లీ జారకుండా కింద ఏదైనా చెక్కముక్క దోపాలి. చుట్టూ చూసింది. నీళ్ల గ్లాసులు అందిస్తున్న అమ్మాయి చెవి మీద లావుపాటి నీలం మార్కరు పెన్ను ఉంది.

"అది స్వల్ప ఇయ్యమ్మా."

పెన్నును వారు కింద దోపింది. ఆయన రాయి తీసుకుని అంచు చుట్టూ ఒక్కో కన్నం దగ్గరా కొట్టింది. తక, తకిట, తక, తకిట, పెదవుల మీద ఆ లెక్క అలాగే నడుస్తోంది. పదహారు కన్నాలూ తిరిగి వచ్చాక మృదంగాన్ని ఆయన ఒళ్లో పెట్టింది. "మీటండి."

మీటాడు. నాదం గుండ్రంగా లేచి వెదుళ్ల దాకా పోయింది. వయొలిన్ ఆమె ముఖం విప్పారింది.

"ఎవరమ్మా నువ్వు?"

"బళేపేట దేవరాజు ఇంటామెను స్వామీ. కళ్యాణి. పోయిన వారం ఆ జీర పెట్టింది నేనే." అంటూనే ఆమె లేచి పరుగందుకుంది.

వెనక నుంచి మైకులో ఆయన గొంతు వినబడింది. "అమ్మా! మరి జీర లేని ఇరవై ఏండ్లు?"

"అవీ నేనే స్వామీ!" అని అరిచింది కళ్యాణి, వెనక్కి తిరగకుండా.

వెంటనే మృదంగం అందుకుంది. ఆయన ఆమె పెదవుల లెక్కను చూశాడు కాబోలు, నాలుగు వదిలేసి ఐదు వాయిస్తున్నాడు. తక తకిట, తక తకిట. దారి పొడవునా ఈలలు వేస్తున్నవాళ్ల కాళ్లు ఒక్కసారిగా తడబడ్డాయి, ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ జనం మొత్తంలో తడబడకుండా పరిగెత్తింది ఒక్క కళ్యాణే. గాలి ఎటు వీస్తే అటు ఆ నాదం చాలా దూరం ఆమె వెంట వచ్చింది. నాలుగో కిలోమీటరు ఎలా పోయిందో ఆమెకు గుర్తే లేదు.

గమ్యం దాటాక సహన వచ్చి కావలించుకుంది, మెడలో పతకం వేసింది. దేవరాజ్ ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇచ్చాడు. అతని ముఖంలో దాచుకోలేని సంతోషం ఉంది. "యాభై మూడు నిమిషాలే! పందెం నీదే పో."

"కాదు," అంది కళ్యాణి. "నిలబడినా."

"ఎక్కడ?"

"మూడో కిలోమీటరు దగ్గర. నాలుగు నిమిషాలు."

"డొక్క పట్టుకుందా?"

"లేదు. పని పడింది." కాఫీ ఊదుకుంటూ తాగింది. "మాట మాటే. రాయి గిరికే ఉండనీ."

ఏం పని అని అతను అడగలేదు. స్కూటరు మీద ఇంటికి వచ్చేంతవరకూ ఆమె వెనక సీటులో తక తకిట అనుకుంటూనే ఉంది. పందెం ఓడిన మనిషికి అంత హుషారెందుకో దేవరాజ్‌కి అంతుబట్టలేదు.

సోమవారం పరుగు లేదని సహన ముందే చెప్పింది, అందరూ కాళ్లకు విశ్రాంతి ఇవ్వాలట. అయినా ఐదింటికే కళ్యాణికి మెలకువ వచ్చింది. ఇప్పుడు పందెమూ లేదు, రాయీ లేదు. అయినా కాళ్లు ఊరుకోలేదు. పార్కులో ఒంటరిగా మెల్లగా ఒక చుట్టు తిరిగి, మెట్రోలో చిక్కపేట దాకా వచ్చి, సందులోకి నడిచింది. ఇంకా ఎనిమిది కాలేదు. తాళాల దుకాణం మూసి ఉంది. తమ అంగడి మాత్రం తెరిచి ఉంది.

లోపల మునినారాయణప్ప కూర్చుని ఉన్నాడు. ఒళ్లో మృదంగం. తోలువారు కింద నీలం మార్కరు పెన్ను అలాగే ఉంది. కళ్యాణి తాళాల దుకాణం మెట్టు దగ్గర ఆగిపోయింది.

"నేనడిగేది ఒకటే దేవరాజూ. ఇరవై ఏండ్లుగా నా మృదంగానికి కరణి పెట్టిన చెయ్యి ఎవరిది?"

దేవరాజ్ పెన్నును వేలితో తడిమి చూశాడు. బిగువు చూశాడు. ఆ బిగువు ఎవరిదో అతనికి తెలియకపోవడమేమిటి? నాలుగు నిమిషాల పని ఏమిటో కూడా అప్పుడే అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆమెదే స్వామీ," అన్నాడు చివరికి. "మా కళ్యాణిదే. జీర వచ్చినప్పుడు మాత్రం పేరు చెప్పినా. రానన్ని దినాలు చెప్పలేదు. నా తప్పే."

కళ్యాణి పేరు ఆ అంగట్లో అది రెండోసారి వినబడడం. ఆమె కళ్లు నిండాయి. చెమట అనుకునేటట్టు దుపట్టాతో ముఖమంతా తుడుచుకుని, అప్పుడు మెట్టెక్కింది. ఎక్కి చూసింది. ఆమె పీట, గుండ్రాయి, రాతిపొడి డబ్బా తెర వెనక లేవు. గిరిధర్ ముందూ లేవు. ముందు గదిలో, వీధికి ఎదురుగా, రోజూ దేవరాజ్ కూర్చునే చోట ఉన్నాయి. వెనక నుంచి గిరిధర్ ముసిముసిగా నవ్వుతున్నాడు, ఆమె ముఖం తుడుచుకునేలోగా దేవరాజ్ సైగ చేస్తే అతనే మోసి పెట్టినట్టున్నాడు.

"ఏమే," అన్నాడు దేవరాజ్. అంతలోనే మాట దిద్దుకున్నాడు. "కళ్యాణీ, రా. విద్వాంసులు కాచుకోనుండారు. కొత్త మూత కావాలంట. నువ్వు చేస్తేనేనంట."

"నిలబడినా కదా. పందెం?"

"పరుగులో నిలబడినావు. పనిలో కాదు కదా." తర్వాత నేల చూపులు చూస్తూ, "ఇంకా దెప్పొద్దు, రా," అన్నాడు.

కళ్యాణి బూట్లు విప్పి మూలన పెట్టి పీట మీద కూర్చుంది. వీధి ఇంత వెలుతురుగా ఉంటుందా అనుకుంది. "వేలు ఇంకా మొద్దుగానే ఉండాది స్వామీ. రెండు నెలలు ఉరికితే పోయే జబ్బు కాదు. మళ్లా జీర వస్తే?"

"వస్తే మళ్లా తెస్తా," అన్నాడు మునినారాయణప్ప. "పేరు పెట్టి తిడతా. పేరు తెలిసిపోయింది కదా."

అందరూ నవ్వారు. కళ్యాణి మెదిపిన ముద్దను కుడి బొటనవేలి మీదికి తీసుకుని మూత మధ్యన పెట్టింది. ఒత్తింది. ఏమీ తెలియలేదు. గుడ్డ చుట్టిన వేలితో తాకినట్టుంది. ఇంకోసారి ఒత్తి చూసింది, అంతే.

తర్వాత ఆమె దాన్ని తుడిచేసి, ముద్దను ఎడమ బొటనవేలి మీదికి తీసుకుంది.

ఎడమ వేలికి ప్రతి పలుకూ తెలిసింది. తెలిసింది కానీ ఎటు పోవాలో తెలియలేదు. పార్కులో మొదటి రోజు కాళ్లలాగే తడబడింది. పూత వంకరగా వచ్చింది. కళ్యాణికి నవ్వొచ్చింది. కుడి ఇన్నేళ్లు మోసింది, ఇప్పుడు దీని వంతు. తుడిచేసి మళ్లీ పూసింది, అదీ వంకరే. తుడిచేసి మళ్లీ పూసింది. గుండ్రాయి అందుకుని, పెదవుల మీద తక తకిట అనుకుంటూ రుద్దసాగింది. మునినారాయణప్ప చిటికెన వేలు మోకాలి మీద మెల్లగా ఆ ఐదునే వేస్తోంది.

ఆరోసారికి చెయ్యి దారిలో పడింది.

"ఆ పెన్ను మాత్రం పారెయ్యొద్దండి స్వామీ," అంది కళ్యాణి తలెత్తకుండా. "నీళ్లు పోసే పిల్లది. వచ్చే ఆదివారం పరుగుకు పోయినప్పుడు ఇచ్చేయాల."